కేంద్రం అప్పుకు హద్దు ఎవరు గీస్తారు?

గోదారిగట్టు

2025-26 కేంద్ర బడ్జెట్ పత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో వడ్డీల పద్దు ఒక్కటే 12.76 లక్షల కోట్లు. రోడ్లు, రైల్వే లైన్లు, యుద్ధవిమానాలు వగైరా మూలధన వ్యయం అంతా కలిపినా 11.21 లక్షల కోట్లే. కొత్తగా కట్టేదానికన్నా పాత బాకీల వడ్డీకే ఎక్కువ పోతోందన్నమాట. రోజుకు లెక్కేస్తే దాదాపు 3,500 కోట్లు. ఉపాధి హామీకి ఏడాది మొత్తానికి కేటాయించింది 86,000 కోట్లు, అంటే 25 రోజుల వడ్డీ.

నా ప్రశ్న ఒకటే. దీనికి హద్దు ఎవరు గీస్తారు? 2003లో ఎఫ్ఆర్‌బీఎం అనే ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం తెచ్చారు. ద్రవ్యలోటు (రాబడికి మించిన ఖర్చు, అంటే ఆ ఏటి అప్పు) జీడీపీలో 3 శాతానికి దిగాలన్నారు. 2025-26 లోటు అంచనా 4.4 శాతం. దాటినందుకు ఎవరికీ ఏమీ కాలేదు. మరి ఆ చట్టం దేనికి? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దానికి వేరే చోట్లు బోలెడున్నాయి.

ఓరుగల్లు_కుర్రాడు

అన్నా, నోట్లు అచ్చేసే మిషన్ వాళ్ల చేతుల్నే ఉన్నప్పుడు ఇంక హద్దేంది? అప్పు మీద పడితే మనం ఊరు విడిచి పోవాలె. సర్కారుకు ఏమైతది?

లెక్కలమాస్టారు

కుర్రాడు గారూ, ఆ మిషన్‌కు తాళం పడి చాలా ఏళ్లయింది. 1955 నుంచి ఒక ఏర్పాటు ఉండేది. కేంద్రం నగదు నిల్వ 50 కోట్ల కన్నా తగ్గితే 'అడ్‌హాక్' ట్రెజరీ బిల్లులు (స్వల్పకాలిక అప్పు పత్రాలు) పుట్టించి, వాటిని రిజర్వు బ్యాంకుకిచ్చి, ఆ మేరకు ఖాతా నింపుకునేవారు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. తాత్కాలికం అనుకున్నది నలభై ఏళ్లు నడిచింది. 1994 సెప్టెంబరులో మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా, సి. రంగరాజన్ గవర్నరుగా ఉండగా ఒప్పందం కుదిరి, 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఇచ్చేది చేబదులు మాత్రమే. దానికి పరిమితి ఉంది, గడువు ఉంది, వడ్డీ ఉంది. పైగా ఎఫ్ఆర్‌బీఎం చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప, ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లను (అప్పు పత్రాలను) రిజర్వు బ్యాంకు నేరుగా కొనకూడదు. కేంద్రం కూడా బజారుకెళ్లి వేలంలో అప్పు తెచ్చుకోవాల్సిందే.

గోదారిగట్టు గారూ, మీ ప్రశ్నకు వస్తాను. రాజ్యాంగం 292వ అధికరణ కింద కేంద్రం అప్పుకు పార్లమెంటు చట్టంతో పరిమితి పెట్టవచ్చు. యాభై ఏళ్లకు పైగా ఎవరూ ఆ జోలికి వెళ్లలేదు. చివరకు ఎందుకు వెళ్లారంటే, 2001-02లో కేంద్రం రెవెన్యూ రాబడి సుమారు 2.01 లక్షల కోట్లయితే వడ్డీలు 1.07 లక్షల కోట్లు. రూపాయి వస్తే సగానికి పైగా వడ్డీకే. అప్పటికే 2000 డిసెంబరులో యశ్వంత్ సిన్హా ఈ బిల్లు పెట్టారు. చట్టం కావడానికి 2003 వరకు పట్టింది, అమల్లోకి వచ్చింది 2004 జులైలో.

తొలి నాలుగేళ్లు బాగానే పనిచేసింది. 2007-08కి లోటు 2.5 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ప్రపంచ మాంద్యం, రైతు రుణమాఫీ, వేతన సంఘం అన్నీ ఒక్కసారే వచ్చి 6 శాతానికి ఎగిరింది. 2018లో ఎన్.కె. సింగ్ కమిటీ సూచనల మీద చట్టాన్ని సవరించి, 2024-25 కల్లా కేంద్రం అప్పు జీడీపీలో 40 శాతానికి తగ్గాలన్నారు. 2024-25 కూడా అయిపోయింది. అప్పు ఎంతుందో తెలుసుగా, 57 శాతం దగ్గర.

గోదారిగట్టు

> 40 శాతానికి తగ్గాలన్నారు

అంటే చట్టాన్ని కేంద్రమే ఉల్లంఘించిందా? శిక్ష ఏమీ లేదా?

లెక్కలమాస్టారు

శిక్ష లేదు. లక్ష్యం తప్పితే కారణాలు చెబుతూ ఆర్థికమంత్రి పార్లమెంటులో ఒక ప్రకటన చేయాలి, అంతే. కొవిడ్ ఏడాది 2020-21లో లోటు 9.2 శాతానికి వెళ్లింది, అప్పు 60 శాతం దాటింది. దాన్నెవరూ తప్పుపట్టలేరు, పట్టకూడదు కూడా. ఇప్పుడు కొత్త దారి పట్టారు. ఏటా లోటు ఇంత అని కాకుండా, 2031 మార్చి కల్లా అప్పు-జీడీపీ నిష్పత్తిని 50 శాతానికి (ఒక శాతం అటూఇటూగా) తెస్తామంటున్నారు. 2025-26 అంచనా 56.1.

బాండ్‌బాబు

ముంబయిలో ఒక బ్యాంకు ట్రెజరీలో పని చేస్తాను. ఈ సరుకే రోజూ చూస్తాం కాబట్టి నాలుగు మాటలు.

చట్టంలో రాసిన శాతాల కన్నా శుక్రవారం వేలం గట్టి హద్దు. కేంద్రం బాండ్ల వేలం మామూలుగా శుక్రవారాల్లో ఉంటుంది. 2025-26లో మొత్తం 14.82 లక్షల కోట్లు ఎత్తాలి. అందులో గడువు తీరిన పాత బాండ్లకు పోగా నికరంగా చేతికొచ్చేది 11.54 లక్షల కోట్లు. కొనేవాళ్లు ఎవరు? బ్యాంకులు, బీమా కంపెనీల దగ్గరే సగానికి పైగా ఉన్నాయి. మిగతాది రిజర్వు బ్యాంకు (ఇది బజారులో ఇతరుల దగ్గర కొన్నది), ప్రావిడెంట్ ఫండ్లు, మ్యూచువల్ ఫండ్లు. మీ ఎల్ఐసీ ప్రీమియం, మీ పీఎఫ్, మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి. డిపాజిట్లలో 18 శాతం మేర ప్రభుత్వ బాండ్లలాంటి వాటిల్లో పెట్టి తీరాలని బ్యాంకులకు నిబంధన ఉంది. కాబట్టి కేంద్రానికి కొనుగోలుదారులు దొరకని రోజు అంత త్వరగా రాదు. దొరుకుతారు, కానీ రేటు పెంచి అడుగుతారు.

ఇంకో లెక్క కూడా చూడండి. 2025-26 ద్రవ్యలోటు అంచనా 15.69 లక్షల కోట్లు. వడ్డీలు 12.76. తీసేస్తే 2.93 లక్షల కోట్లు. దీన్నే ప్రాథమిక లోటు అంటారు. వడ్డీ లేకపోయుంటే కేంద్రం ఇంచుమించు తన రాబడితోనే బతికేది. అసలు జబ్బు ఈ ఏటి ఖర్చులో కన్నా పాత బాకీలో ఎక్కువుంది.

సిరిసిల్ల_స్వాతి

అంకెలు చూసి బెదరగొట్టడం తేలికండీ. 12.76 లక్షల కోట్లు అనగానే గుండె ఆగుతుంది. 2014-15లో వడ్డీ 4.02 లక్షల కోట్లు, రెవెన్యూ రాబడి 11.01 లక్షల కోట్లు. వందకు 36.5. 2025-26 రాబడి అంచనా 34.20 లక్షల కోట్లు, వడ్డీ 12.76. వందకు 37.3. పదకొండేళ్లలో వడ్డీ మూడింతలైంది, రాబడీ మూడింతలైంది. భారం దాదాపు ఉన్నచోటే ఉంది. మాస్టారు చెప్పిన 2001-02తో పోలిస్తే ఎంతో నయం. మరి ఈ గగ్గోలు దేనికి?

పైగా 'ఇంటి బడ్జెట్ లాగే దేశ బడ్జెట్' అనే పోలిక చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటి యజమాని రిటైరవుతాడు, ప్రభుత్వం కాదు. ఇల్లు ఎవరి మీదా పన్ను వేయలేదు. ఇల్లు ఖర్చు తగ్గిస్తే పక్కింటాయన జీతం తగ్గదు, ప్రభుత్వం తగ్గిస్తే తగ్గుతుంది. లోటు లోటు అని కత్తెర పట్టుకుంటే ముందు తెగేది ఆసుపత్రులు, హాస్టళ్లు, ఉపాధి హామీ. వడ్డీ పద్దు మీద కత్తెర ఎవరూ పెట్టరు కదా?

లెక్కలమాస్టారు

పెట్టలేరమ్మా. 112వ అధికరణ ప్రకారం అప్పుల మీద వడ్డీ, అసలు చెల్లింపులు 'చార్జ్‌డ్' వ్యయం. రాష్ట్రపతి జీతభత్యాలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలూ ఆ కోవలోవే. సంచిత నిధి నుంచి నేరుగా పోతాయి. లోక్‌సభలో చర్చించవచ్చు గానీ ఓటింగ్ ఉండదు. బడ్జెట్‌లో అతిపెద్ద పద్దు మీద మనం ఎన్నుకున్న సభ్యులకు ఓటే లేదు. అలా ఉండాలి కూడా. లేకపోతే అప్పిచ్చేవాడు ఏ ధైర్యంతో ఇస్తాడు?

మీ నిష్పత్తి లెక్క సరైనదే. కానీ 36, 37 శాతం దగ్గర నిలబడటం ఆరోగ్యం అనుకోను. 2020-21లో రాబడి పడిపోగానే అది 41 దాటింది. ఈ ఎత్తు నుంచి మొదలైతే తర్వాతి ఉపద్రవానికి ఎంత చోటు మిగులుతుంది?

అట్లాంటా_అల్లుడు

మా అమెరికాలో అసలు తమాషా. 1917 నుంచి చట్టంలోనే అప్పుకు డాలర్లలో గరిష్ఠ పరిమితి ఉంది. అంతకన్నా కఠినమైన హద్దు ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? అది దగ్గరపడ్డ ప్రతిసారీ కాంగ్రెస్‌లో కొట్లాట, ఫెడరల్ ఉద్యోగుల్లో టెన్షన్, ఆఖరి నిమిషంలో పెంచేయడం. 2025 జులైలో ఏకంగా 5 ట్రిలియన్ డాలర్లు పెంచారు. 2024లో ఫెడరల్ నికర వడ్డీ రక్షణ వ్యయాన్ని దాటింది. అప్పు తీర్చే స్తోమతకు మార్కులిచ్చే రేటింగ్ సంస్థల్లో ఎస్ అండ్ పీ 2011లో, ఫిచ్ 2023లో, మూడీస్ 2025 మేలో వరసగా అగ్రస్థానం నుంచి దించేశాయి. అయినా ప్రపంచమంతా డాలర్ బాండ్లు కొంటూనే ఉంది. అంకె రాసుకున్నంత మాత్రాన హద్దు అవ్వదని మా వాళ్లు వందేళ్లుగా నిరూపిస్తున్నారు.

ఇండియా రేటింగ్‌ను అదే ఎస్ అండ్ పీ 2025 ఆగస్టులో బీబీబీకి పెంచింది. 18 ఏళ్ల తర్వాత.

ఓరుగల్లు_కుర్రాడు

అంటే మేం ఎక్కుతున్నం, మీరు దిగుతున్నరు 😀

బాండ్‌బాబు

😀 ఇంకా చాలా మెట్ల తేడా ఉంది తమ్ముడూ.

అల్లుడు గారూ, సొంత కరెన్సీలో అప్పు చేసే ధనిక దేశానికీ హద్దు ఉంటుంది. అదెక్కడుందో ముందు కనిపించదు, గుద్దుకున్నాకే తెలుస్తుంది. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం 45 బిలియన్ పౌండ్ల పన్నుకోతలు ప్రకటించింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. బాండ్ల ధరలు ఎలా కూలాయంటే, పెన్షన్ ఫండ్లను కాపాడటానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. పన్నుకోతల్లో చాలావరకు వెనక్కి తీసుకున్నారు. అక్టోబరులో ఆమె రాజీనామా. ఏ చట్టమూ ఆమెను ఆపలేదు. బజారు ఆపింది.

గోదారిగట్టు

శ్రీలంక కూడా ఇలాగేనా?

బాండ్‌బాబు

కాదండీ, శ్రీలంకది వేరే కథ. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోసి రాబడి పోగొట్టుకుంది. కొవిడ్‌తో పర్యాటకులు పోయారు. అప్పులో పెద్ద భాగం డాలర్లలో. డాలర్లు కొలంబోలో అచ్చుకావు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. మన కేంద్రం అప్పులో విదేశీ వాటా 5 శాతం అటూఇటూ. అందుకే 'ఇండియా రేపో మాపో శ్రీలంక అవుతుంది' అనే వాట్సాప్ మెసేజ్‌లు నాకు పంపొద్దని మా బాబాయికి కూడా చెప్పాను.

లెక్కలమాస్టారు

మనకూ ఆ గండం వచ్చి పోయింది. 1991 జనవరిలో విదేశీ మారక నిల్వలు 1.2 బిలియన్ డాలర్లకు పడిపోయాయి. గల్ఫ్ యుద్ధం, చమురు ధరలు అప్పటికప్పుడు వచ్చిన కారణాలు. వాటి వెనక 1980ల పొడుగునా పెరుగుతూ వచ్చిన బడ్జెట్ లోటు ఉంది. మేలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు వెళ్లింది. జులైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నులు ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. పీవీ ప్రధాని అయి నెల కూడా తిరగలేదు అప్పటికి. అడ్‌హాక్ బిల్లులకు స్వస్తి చెప్పడం కూడా ఆ భయంలోంచి పుట్టిన సంస్కరణే.

పెన్షనర్_కబుర్లు

నేను మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. జీడీపీ శాతాలు నాకంతగా తలకెక్కవు. నాకు తెలిసిన హద్దు ఒకటుంది. డీఏ ప్రకటిస్తారు, బకాయిలు వాయిదాల్లో అంటారు, ఆ వాయిదా రాదు. సరెండర్ లీవు డబ్బు బిల్లు పాసైందంటారు, ఖాతాలో పడదు. ఏ ప్రభుత్వం, ఏ పార్టీ అని నేను చెప్పను, అందరూ అదే తీరు. నాకు ఇవ్వాల్సిన డబ్బు రెండేళ్లు తమ దగ్గర ఉంచుకుంటే అది నేను వాళ్లకు ఇచ్చిన అప్పు కాదా? వడ్డీ లేని అప్పు! బాండ్‌బాబు గారి బ్యాంకు మాత్రం ఆర్నెల్లకోసారి ఠంచనుగా వడ్డీ తీసుకుంటుంది.

సిరిసిల్ల_స్వాతి

పెన్షనర్ మాస్టారూ, ఈ చర్చ మొత్తంలో అసలు మాట మీరు చెప్పారు. కాంట్రాక్టర్ల బిల్లులు, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఆరోగ్యశ్రీ బకాయిలు అన్నీ ఇదే లెక్క. నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని ఎన్నిసార్లు అనలేదు! అప్పుకు చట్టంతో మూత పెడితే అది పక్క నుంచి పొంగుతుంది. కాగితం మీద లోటు 3 శాతమే ఉంటుంది. మిగతా భారం కాలేజీ సర్టిఫికెట్ ఆపిన పిల్లాడి మీద ఉంటుంది.

బాండ్‌బాబు

పెన్షనర్ గారూ, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. బాండుకు కట్టకపోతే మరుసటి వారం వేలం ఉండదు. మీకు కట్టకపోతే మరుసటి నెలా పాలన నడుస్తుంది. అందుకే వరసలో మొదట బాండు ఉంటుంది.

తణుకు_తాత

రాష్ట్రాలకు హద్దు గట్టిగానే ఉందనుకుంటాను? మంగళవారం వస్తే పేపర్లో 'నేడు మరో రెండు వేల కోట్ల అప్పు' అని బాక్స్ ఐటెం ఖాయం. ఎంత కావాలంటే అంత తెస్తున్నారా, లేక ఎవరైనా చూస్తున్నారా?

లెక్కలమాస్టారు

రాష్ట్రాలకు హద్దు నిజంగానే గట్టిది. ఎందుకంటే గీసేవాళ్లు వేరే. 293వ అధికరణ మూడో క్లాజు ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే కేంద్రం అనుమతి కావాలి. బాకీ లేని రాష్ట్రం ఎక్కడుంది? పదిహేనో ఆర్థిక సంఘం లెక్కన 2021-22లో రాష్ట్ర స్థూలోత్పత్తిలో 4 శాతం, మరుసటి ఏడాది 3.5, ఆపైన 3. విద్యుత్ సంస్కరణలు చేస్తే ఇంకో అర శాతం. 'మోటార్లకు మీటర్లు' గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో పెట్టి చూసింది. తెలంగాణ ససేమిరా అని ఆ అదనపు అప్పు వదులుకుంది. ఆ గొడవంతా ఈ అర శాతం చుట్టూ తిరిగిందే.

చేబదుళ్ల దగ్గర కూడా గీత ఉంది. రాష్ట్రం చేబదులు పరిమితి కూడా దాటి వరసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపేయవచ్చు. అందుకే పదమూడో రోజున ఆర్థిక శాఖలో ఎవరూ నిద్రపోరు.

ఓరుగల్లు_కుర్రాడు

మరి కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినయి? కాళేశ్వరానికి వేరే కార్పొరేషన్ పెట్టిన్రు కదా.

లెక్కలమాస్టారు

కాళేశ్వరం కార్పొరేషన్, ఆంధ్రలో అభివృద్ధి కార్పొరేషన్, ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. అప్పు చేసేది కార్పొరేషన్, తీర్చేది ఖజానా. 2022లో కేంద్రం ఒక గీత గీసింది. అసలు, వడ్డీ రాష్ట్ర బడ్జెట్ నుంచి కట్టేట్టయితే దాన్ని రాష్ట్రం అప్పుగానే లెక్కేస్తామంది. న్యాయంగా చెప్పాలంటే కేంద్రం కూడా ఈ విద్యలో వెనకబడి లేదు. ఆహార సబ్సిడీ డబ్బు ఇవ్వకుండా భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐని చిన్నమొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు తీసుకోమనేవాళ్లు. ఆ అప్పు కేంద్రం లోటులో కనపడేది కాదు. 2021 బడ్జెట్‌లో ఆ పద్ధతి ఆపి, పాత బాకీ తీర్చేసరికి ఆ ఒక్క ఏడాది ఆహార సబ్సిడీ ఆకాశానికి అంటింది.

కొచ్చిలో_తెలుగోడు

ఇక్కడ కేరళలో రోజూ ఇదే చర్చ. కిఫ్బీ అనే సంస్థ చేసిన అప్పును రాష్ట్రం ఖాతాలో కలిపి పరిమితి కోశారని కేరళ 2023 డిసెంబరులో 131వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్ 1న కోర్టు దాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. 293 మీద ఇంతవరకు సుప్రీంకోర్టు పూర్తి వ్యాఖ్యానం లేదట. తీర్పు ఎటొచ్చినా ఏపీ, తెలంగాణలకూ వర్తిస్తుంది.

బెజవాడ_బుల్లోడు

అసలు మన రెండు రాష్ట్రాలూ మునిగింది ఎవరి వల్లో అందరికీ తెలుసు. తెలంగాణ శ్వేతపత్రంలో 6.71 లక్షల కోట్లు, ఏపీ శ్వేతపత్రంలో 9.74 లక్షల కోట్లు. లెక్కలు బయటపడ్డాక కూడా సిగ్గు లేకుండా...

నిర్వాహకుడు

బుల్లోడు గారూ, మీ పోస్టులో రెండో పేరా తీసేశాను. 2023 డిసెంబరు శ్వేతపత్రానికి బీఆర్ఎస్ 'స్వేదపత్రం'తో జవాబిచ్చింది. ఏపీ అంకెలను వైసీపీ ఒప్పుకోలేదు. ఎవరి లెక్క వాళ్లది. ఆ గొడవ ఇక్కడికి తేవద్దని చర్చ మొదలుపెట్టినవారు మొదటే అడిగారు. కార్పొరేషన్ల అప్పులు, గ్యారంటీలు, పెండింగ్ బిల్లులు కలిపితే ఒక అంకె వస్తుంది, కలపకపోతే ఇంకొకటి వస్తుంది. దాని మీద మాట్లాడండి, అభ్యంతరం లేదు.

తణుకు_తాత

నిర్వాహకుడు గారు రెండు లైన్లలో తేల్చేశారు, టీవీ చర్చల్లో గంటన్నర పడుతుంది.

అట్లాంటా_అల్లుడు

ఒక సందేహం. రిజర్వు బ్యాంకు డివిడెండ్ అంటూ భారీ మొత్తం ఇస్తోంది కదా. దానికీ పరోక్షంగా నోట్లు అచ్చేయడానికీ తేడా ఏమిటి?

బాండ్‌బాబు

2024 మేలో 2.11 లక్షల కోట్లు, 2025 మేలో 2.69 లక్షల కోట్లు ఇచ్చింది. రెండోది 2025-26 వడ్డీలో ఐదో వంతు పైనే. ఎక్కువ భాగం డాలర్ల అమ్మకం మీద లాభం, విదేశీ బాండ్ల మీద వడ్డీ. నష్టభయానికి ఎంత పక్కన పెట్టాలో జలాన్ కమిటీ సూత్రం ఉంది. కాబట్టి అచ్చేయడమే అనను. అయితే ఏటా ఇంత వస్తుందని ఖర్చులు పెంచుకుంటే మాత్రం ప్రమాదం. డాలరు అమ్మకాల లాభం మా డెస్కులోనే ఎవరూ ముందుగా అంచనా వేయలేరు.

సిరిసిల్ల_స్వాతి

రాబడి గురించి ఎవరూ మాట్లాడరేం? ఇదే బడ్జెట్‌లో 12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేకుండా చేసి లక్ష కోట్లు వదులుకున్నారు. మధ్యతరగతికి మంచిదే, నాకూ మిగిలింది. కానీ ఆ లక్ష కోట్లు ఉపాధి హామీ మొత్తం కన్నా ఎక్కువ. పన్ను వదిలేస్తే 'ఊరట', పేదలకు ఇస్తే 'ఉచితం'. రెండూ లోటును ఒకేలా పెంచుతాయి.

లెక్కలమాస్టారు

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

ఇక 2031 లక్ష్యం మీద చిన్న లెక్క వేసి చూశాను, కాగితం పెన్నూ ఉన్నవాళ్లు సరిచూసుకోండి. అప్పు 56.1 శాతం దగ్గర మొదలై, జీడీపీ (ధరల పెరుగుదల కూడా కలిపి) ఏటా 10 శాతం పెరిగి, లోటు 4.4 దగ్గరే ఆగిపోయిందనుకుందాం. ఐదేళ్లకు అప్పు 53 దాకా తగ్గుతుంది. 51కి రావాలంటే లోటు 3.9కి, 50కి రావాలంటే 3.6కి దించాలి. ఇది చేయగలిగినదే.

అదే జీడీపీ 8 శాతమే పెరిగితే? లోటు 4.4 దగ్గరే ఉంచితే అప్పు తగ్గకపోగా 57 దాటుతుంది. 51కి తేవాలంటే లోటు 3 శాతానికి దింపాలి. అంటే తిరిగి తిరిగి 2003 చట్టంలోని ఆ మూడుకే చేరాం! 4.4కీ 3కీ తేడా 2025-26 జీడీపీ మీద సుమారు 5 లక్షల కోట్లు. ఆ డబ్బు జీతాల్లోంచి రాదు, వడ్డీలోంచి రాదు. మూలధన వ్యయంలోంచో సబ్సిడీల్లోంచో రావాలి, లేదా పన్నులు పెంచాలి.

గోదారిగట్టు

మరి ఇప్పుడు పదా, ఎనిమిదా?

లెక్కలమాస్టారు

బడ్జెట్‌లో 10.1 అనుకున్నారు. 2025 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో అసలు వృద్ధి 7.8 శాతం, అంచనాల కన్నా ఎక్కువ. కానీ ధరల పెరుగుదల బాగా తక్కువగా ఉండటంతో ధరలతో కలిపి చూస్తే 8.8 మాత్రమే వచ్చింది. అప్పు నిష్పత్తికి లెక్కలోకి వచ్చేది ఈ రెండోదే.

ఓరుగల్లు_కుర్రాడు

ఆగు మాస్టారు. కూరగాయల ధరలు తగ్గి మా అమ్మ ఖుషీగ ఉంటే ఢిల్లీల అప్పు శాతం పెరుగుతదా?

లెక్కలమాస్టారు

శాతం పెరుగుతుంది, లేదా తగ్గాల్సినంత తగ్గదు. అప్పు పాత రూపాయల్లో ఉంటుంది, జీడీపీ ఈనాటి ధరల్లో ఉంటుంది. ధరలు పెరిగితే పాత అప్పు చిన్నదైపోతుంది. ఆ నష్టం బాండు కొన్నవాడిది.

బాండ్‌బాబు

అంటే మా బ్యాంకుది. ఎల్ఐసీది. పెన్షనర్ గారి పీఎఫ్‌ది.

పెన్షనర్_కబుర్లు

అక్కడా నేనేనా!